నర్సమ్మ దాచుకున్న నెలలు

ఉద్యోగంలో ఉన్నంతకాలం కడుపుతో ఉన్న ఆడవాళ్ళ కోసం ఇల్లిల్లూ తిరగడమే నా పని. ఎవరికి ఎన్నో నెల, ఎవరు ఐరన్ మాత్రలు మింగుతున్నారు, ఎవరు మింగామని చెప్పి పెరట్లో పారేస్తున్నారు, అన్నీ నాకు తెలియాలి. అలాంటి దాన్ని ఒకసారి నా కడుపు నేనే దాచుకుని తిరిగాను. ఇప్పుడు మీలో కొందరు ఆ పనిలోనే చేరారు. మీకు ఉపయోగపడుతుందని చెబుతున్నాను కానీ, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

అప్పట్లో నాకు సోమందేపల్లె దగ్గర, హైవే నుంచి లోపలికి పోయే ఒక పల్లెలో సబ్‌సెంటర్. వయసు నలభై మూడు. మా ఆయన ఆర్టీసీలో కండక్టరు. కొడుకు హిందూపురంలో ఫ్యాక్టరీ పనికి పోయేవాడు, కూతురు డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. కూతురు పుట్టాకే నేను కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నాను. ఆ సంగతి నా చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలుసు, ఎందుకంటే నేనే చెప్పేదాన్ని. ఆపరేషనంటే భయపడే ఆడవాళ్ళ ముందు నిలబడి, "నన్ను చూడండి. చేయించుకున్యా, చేన్లు దాటుకోని నడిచొస్తాండా, ఏమైంది?" అనేదాన్ని. నా ఒళ్ళే నా ప్రచారం.

ముట్టు ఆగినప్పుడు వయసయింది కాబోలు అనుకున్నాను. నడుం నొప్పి, అలసట, తిండి సయించకపోవడం, అన్నీ వయసు ఖాతాలోనే వేశాను. వేరే ఆడమనిషి ఎవరైనా ఇదే చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ముందు పరీక్ష చేద్దాం పద అనేదాన్ని. నాకు నేను ఆ మాట చెప్పుకోలేదు.

పీహెచ్‌సీలో నెలవారీ మీటింగ్ జరుగుతోంది. మా సూపర్‌వైజరు, నా కంటే నాలుగైదేళ్ళు పెద్దాయన, వచ్చే ఆపరేషన్ల క్యాంపుకు ఎవరెవరు ఎంతమందిని తీసుకురావాలో చెబుతున్నాడు. అప్పుడు పొత్తికడుపులో ఏదో మెల్లగా తట్టినట్టయింది. కాసేపటికి మళ్ళీ. ఇద్దరిని కన్నదాన్ని, అదేమిటో తెలియకపోవడానికి వీల్లేదు. "నీ దగ్గర్నుంచి ఎంతమందమ్మా?" అని ఆయన అడిగితే నేను ఏదో సంఖ్య చెప్పాను. ఏం చెప్పానో కూడా గుర్తులేదు.

మర్నాడు సబ్‌సెంటర్ తలుపు లోపల గడియ వేసుకుని, ఊరివాళ్ళకు పెట్టే కిట్టుతోనే పరీక్ష చేసుకున్నాను. ఆ కిట్టును చెత్తలో వేయడానికి కూడా ధైర్యం చాలక వెనక గుంటలో కాల్చేశాను.

మా ఆయన డ్యూటీ నుంచి రాగానే చెప్పాను. టికెట్ల సంచి భుజాన అలాగే ఉంది.

"ఇంకేమీ చేసేదానికి లేదా?" అన్నాడు.

"గడువు దాటిపోయింది."

కడుపు తీయించుకునే ఆ గడువు ఎప్పుడు దాటుతుందో ఊరందరికీ చెప్పేదాన్ని నేనే.

"పాపకు సంబంధాలు వస్తాండాయి. ఇప్పుడు ఇది తెలిస్తే వాళ్ళేమనుకుంటారు. కొన్నాళ్ళు ఎవురికీ చెప్పొద్దు."

"కొన్నాళ్ళయితే అదే చెప్పుకుంటాది" అన్నాను. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వాలని అనలేదు.

దాచడం మొదలుపెట్టాను. కొంగు రెండు భుజాల మీదా కప్పుకోవడం, మందుల బ్యాగు పక్కన కాకుండా ముందు పట్టుకోవడం, నలుగురిలో కూర్చోవలసి వస్తే బల్ల వెనక చోటు చూసుకోవడం. మా ఊరి ఆశా కార్యకర్త ముగ్గురు పిల్లల తల్లి, చురుకైన మనిషి. ఒకరోజు నడుస్తూ నడుస్తూ, "మేడమ్, ఈమధ్య బాగా ఒళ్ళు చేసినారు" అంది.

"థైరాయిడ్" అన్నాను.

ఆమె తల ఊపి, నా చేతిలోని బ్యాగు తీసుకుని తన భుజాన వేసుకుంది. ఆ రోజు నుంచి తాను వెంట ఉన్నప్పుడు నన్ను మోయనివ్వలేదు. ఆమెకు తెలిసిపోయిందని అప్పటికి కూడా నాకు తట్టలేదు.

ఎక్కడో ఒకచోట చూపించుకోవాలి కదా. మా పీహెచ్‌సీలో డాక్టరమ్మ ఉంది, గుంటూరు వైపు అమ్మాయి, నా మేనకోడలి వయసు. పల్లెల్లో ఆడవాళ్ళు కడుపు ఎందుకు దాచుకుంటారో, వాళ్ళ చేత ఎలా చెప్పించాలో ఆ అమ్మాయికి నేర్పిందే నేను. ఇప్పుడు ఆమె బల్ల మీద నేనెలా పడుకోను? హిందూపురం, పెనుకొండ పోదామంటే బస్సుల్లో మా ఆయన్ను ఎరగనివాళ్ళు లేరు. చివరికి పుట్టపర్తి అనుకున్నాను. పుట్టపర్తికి పోతున్నానంటే మా వైపు ఎవరూ ఎందుకని అడగరు. దర్శనానికనో భజనకనో వాళ్ళే అనుకుంటారు. అక్కడ లాడ్జీల నిండా పరాయి ఊళ్ళవాళ్ళే, ఎవరి మొహం ఎవరూ చూడరు.

ఆటోలు మారి పోయాను. ఒక సందులో చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ముందు కూర్చున్న అమ్మాయి చీటీ రాస్తూ, "పేషెంటు ఎవరు? మీ కోడలా?" అంది.

"నేనే."

"వయసు?"

"ముప్పై ఆరు."

ఆ అమ్మాయి తలెత్తి ఒకసారి చూసి రాసుకుంది. నేను పోయి గోడవారగా బెంచీ మీద కూర్చున్నాను. నా తర్వాత ఇంకొకామె వచ్చింది, కొంగు ముఖం మీదికి లాక్కుని. ఆమెను కూడా వయసు అడిగారు.

"ముప్పై నాలుగు" అంది.

ఆ గొంతు నాకు తెలుసు. మా పల్లెలోని మగ్గం ఇంటి ఆమె. భర్త పట్టుచీరలు నేస్తాడు, ఈమె రాట్నం మీద పట్టుదారం కండెలకు చుడుతుంది. అంతకు ముందు నెలే ఆమె మనవడికి నేను టీకా వేశాను. ముప్పై నాలుగేళ్ళ అవ్వ.

వెనక్కి తిరిగి నన్ను చూసి ఆగిపోయింది. ఇంక పోవడానికి చోటు లేక నా పక్కనే కూర్చుంది.

"నర్సమ్మా, నువ్వేమి ఈడ?"

"దర్శనానికొచ్చినా."

"నేనూ దర్శనానికే" అంది.

ఇద్దరం నేలకేసి చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఆమే, గొంతు తగ్గించి, "నీ కంట పడకూడదనే ఇంత దూరమొచ్చినా" అంది. "నువ్వు మా ఇంటికొచ్చిన రోజల్లా ఆ రాట్నం వెనకాలే కూచుంటి. లేస్తే కనపడతాదని, నువ్వు నీళ్ళడిగినా లేయలేదు. మా అత్త తెచ్చిచ్చింది. గుర్తుండాదా?"

గుర్తుంది. ఆమెకు కాళ్ళ నొప్పులేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆమె గురించి ఏమీ అనుకోలేదు. ఆ ఇంట్లో నా పని బాలింతతోనూ బిడ్డతోనూ. నలభై దాటిన ఆడమనిషి నా కళ్ళకు గోడలాంటిది. పిల్లలు కనే ఇల్లా కాదా అని చూసేటప్పుడు నేను కోడళ్ళను, కూతుళ్ళను లెక్కపెట్టుకునేదాన్ని, అత్తలను కాదు.

"ఎన్నో నెల?" అన్నాను.

"ఏడు పడినట్టుండాది. నీకు?"

ఆ "నీకు" అన్న మాట విని బ్యాగు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. ఆమె నా బ్యాగు వంక, దాని వెనకున్న నా కడుపు వంక చూస్తోంది.

"ఆరు" అన్నాను.

లోపల డాక్టరమ్మ పెద్దావిడ. తొందరలో ఉంది కానీ మంచి మనిషి. మగ్గం ఇంటి ఆమెకు బీపీ చూసి, మళ్ళీ చూసి, "వయసు నిజం చెప్పు తల్లీ, నేను మందు రాయాలి" అంది. ఆమె తల వంచుకుని నలభై దాటాయని చెప్పింది. బీపీ చాలా ఎక్కువగా ఉంది, మా దగ్గర కుదరదు, అనంతపురం పెద్దాసుపత్రికి వెళ్ళి చేరాలి అని డాక్టరమ్మ నచ్చజెప్పింది. తర్వాత నా వంతు వచ్చింది. నన్నూ అలాగే అడిగింది. నేను ముప్పై ఆరు దగ్గరే ఉండిపోయాను. చదువురాని ఆమె నిజం చెప్పింది, నేను చెప్పలేదు. నాకు రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాసిచ్చింది. ఆ మాత్రలు నా బ్యాగు నిండా ఉన్నాయి.

తిరుగు ఆటోలో మేమిద్దరమే వెనక కూర్చున్నాం.

"అనంతపురం పోవాలక్కా. ఇది ఆలస్యం చేసేది కాదు" అన్నాను.

"ఏమని చెప్పి పోయేది? మా ఇంటాయనకు తప్ప ఎవురికీ తెలీదు. కూతురు బాలింత, పక్కలోనే ఉండాది. అల్లుడు వచ్చిపోతాంటాడు. ఆ పిల్లకు నేను చేయాలా, నాకు ఆ పిల్ల చేయాలా?"

"నేనొచ్చి మీ ఇంట్లో చెప్తా."

ఆమె నా వైపు తిరిగింది. కోపంగా కూడా లేదు. "నువ్వు నాది చెప్పినావంటే, నేను నీది ఊర్లో చెప్తా" అంది.

నేను రోడ్డు వైపు తిరిగాను.

తర్వాతి రోజుల గురించే మీరు నన్ను నిలదీయాలి. ఆమె ఏడో నెల కడుపుతో, ఎక్కువ బీపీతో ఆ ఇంట్లో ఉందని నాకు తెలుసు. ఆ ఇంటికి రెండుసార్లు పోయాను. బీపీ చూసే డబ్బా నా బ్యాగులోనే ఉంది. బయటికి తీయలేదు. రాట్నం వెనక ఆమె, వాకిట్లో నేను. పోయినావా అని కళ్ళతో అడిగితే లేదని తల ఊపేది. బాలింతతో రెండు మాటలు మాట్లాడి వచ్చేసేదాన్ని. ఆమె ప్రాణం ఒకవైపు, నా పరువు ఒకవైపు పెట్టి చూసుకుని, రెండూ బతుకుతాయిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాను, నిద్రపోయాను కూడా.

మూడోసారి బిడ్డ టీకాకు పోయాను. పొద్దున పదైనా కాలేదు, అప్పటికే ఎండ మండుతోంది. మగ్గం గుంటలో భర్త నేస్తున్నాడు. అల్లుడు వచ్చి ఉన్నాడు, గడప దగ్గర కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అత్త బియ్యం చెరుగుతోంది. కూతురు బిడ్డను ఒళ్ళో వేసుకుని ఉంది. ఆమె ఎప్పటిలాగే రాట్నం వెనక. పోగు తెగినట్టుంది, రెండు కొసలూ పట్టుకుని ముడి వేయడానికి వేళ్ళతో తడుముతోంది. ఒకసారి తప్పింది, మళ్ళీ తప్పింది. చిన్నప్పటి నుంచీ చేస్తున్న పని అది.

"ఏమే, కళ్ళు కనపడలేదా?" అంది అత్త.

"పొద్దున్నుంచీ పోగు రెండు రెండుగా కనపడతాంది. తల పగిలిపోతాంది" అంది ఆమె.

ముఖం చూశాను. కళ్ళ కింద ఉబ్బిపోయి ఉంది. ఇలాంటి ముఖం కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకూడదని నేను తల్లుల సమావేశాల్లో ఎన్నిసార్లు చెప్పానో. ఆ తర్వాత వచ్చేది ఫిట్సు.

నేను ఆమె సంగతి చెప్పాలనే నోరు తెరిచాను. చెప్పొద్దన్నట్టు ఆమె నా వంకే చూస్తోంది. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నేను కడుపుతో ఉండాను" అన్నాను.

మగ్గం చప్పుడు ఆగింది. చేట చేతిలో పట్టుకుని అత్త నన్ను చూసింది.

"ఎవురు?"

"నేనేవ్వా. ఆరు నిండి ఏడు నడస్తాంది."

"ఆపరేషన్ చేయించుకున్యానని ఊరంతా చెప్తాంటివే."

"చేయించుకున్యా. అయినా నిలిచింది."

అల్లుడు బీడీ పారేసి లేచి బయటికి పోయాడు. నా చెవులు కాలిపోతున్నాయి. అయినా మొదలుపెట్టాను కాబట్టి ఆగకుండా చెప్పేశాను. "పీహెచ్‌సీకి పోయి చూపించుకోవాల. ఆడ అందరూ చిన్నపిల్లలు. వాళ్ళ మధ్యలో ఒక్కదాన్నే కూచునేదానికి మొగం చెల్లలేదు. మీ కోడల్ని నాకు తోడు పంపించవ్వా. ఇప్పుడే."

ఇదేదో తెలివిగా చేశానని అనుకోకండి. ఎవరో ఒకరు తోడు లేకపోతే పీహెచ్‌సీలో ఆ బెంచీ మీద కూర్చోలేనన్నది నిజమే. అది అడుక్కోవడమే.

అప్పుడు ఆమె రాట్నం పక్కకు నెట్టి, గోడ పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది. కొంగు సర్దుకోలేదు.

"అమ్మా" అంది కూతురు.

అత్త ఆమె కడుపు వంక చూసింది, కొడుకు వంక చూసింది. ఆయన గుంటలోనే తల వంచుకున్నాడు. నాకు తెలిసిన తిట్లన్నీ వినడానికి సిద్ధంగా ఉన్నాను. అత్త చేట కింద పెట్టి, తాను కూర్చున్న పీట తీసుకొచ్చి కోడలి వెనక వేసింది. "నిలబడొద్దు, కూచో. నర్సమ్మా, ఆ డబ్బా తీసి చూడు" అంది.

ఎన్నాళ్ళుగానో మేమిద్దరం ఏ మాట అంటారని భయపడ్డామో, ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.

పాదరసం పైపైకి పోయి ఆగిన చోటు చూసి, పట్టీ కూడా విప్పకుండా ఫోన్ తీశాను. ఆశా కార్యకర్తకు ఫోన్ చేస్తే పరుగెత్తుకుంటూ వచ్చింది, ఆమే 108ని పిలిచింది. పీహెచ్‌సీలో డాక్టరమ్మ ఇంజెక్షన్ ఇచ్చి, అనంతపురానికి ఫోన్లో చెప్పి, అదే బండిలో ఆమెను పంపించింది. భర్త, ఆశా వెంట పోయారు. బండి గేటు దాటిందాకా చూసి, డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"మేడమ్, ఇంక మీరు కూడా లోపలికి రండి" అంది.

"నీకు తెలుసా?"

"రెండు నెలల నుంచి తెలుసు. మీరే చెబుతారని చూస్తున్నాను. పెద్దవారు, ఎలా అడగాలో తెలియలేదు." ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "అడగాల్సింది. తప్పు నాదే."

తప్పు ఆ పిల్లది ఎలా అవుతుంది. కానీ ఆమె చెప్పింది మీరు గుర్తుపెట్టుకోవాలి. పద్దెనిమిదేళ్ళ పిల్లను ఏమ్మా ఎన్నో నెల అని ఎవరైనా అడుగుతారు. నలభై ఏళ్ళ మనిషిని అడగరు. మర్యాద అనుకుంటారు. ఆశా అడగలేదు, డాక్టరు అడగలేదు, నేను మగ్గం ఇంటి ఆమెను అడగలేదు. ఎవరి మర్యాద వాళ్ళం కాపాడుకున్నాం.

ఆమెకు ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగపిల్లాడు, పిడికెడంత. చాలా రోజులు అద్దాల పెట్టెలో పెట్టారు. ఆమె కూడా కొన్ని రోజులు తెలివి వచ్చీ రాక ఉంది. ఇద్దరూ బతికారు. నేను చెప్పకుండా దాటేసిన రోజుల్లో ఏదో ఒక రోజు వేరేలా అయి ఉంటే ఈ కథ మీకు చెప్పే మొహం నాకు ఉండేది కాదు. పిల్లాడికి ఒక కన్ను సరిగా కనిపించదు. నెలలు నిండకుండా పుట్టినందువల్ల అని డాక్టర్లు అన్నారు. ముందే చేరి ఉంటే ఇంకొన్ని వారాలు లోపల ఉండేవాడేమో అని నేనే అడిగాను. చెప్పలేమమ్మా అన్నారు. ఆ జవాబు నాకు ఇప్పటికీ సరిపోలేదు.

నా సంగతి రెండ్రోజుల్లో మండలమంతా పాకింది. మా సూపర్‌వైజరు పిలిపించి, గొంతు తగ్గించి, "వచ్చే వారం క్యాంపు ఉండాదమ్మా. నిన్ను చూస్తే ఎవురొస్తారు? అంతవరకు లీవు పెట్టుకోరాదా?" అన్నాడు. చెడ్డవాడేమీ కాదు, ఆయన బాధ ఆయనది. నేను లీవు పెట్టలేదు. మళ్ళీ కొంగు కప్పుకోకుండా తిరిగాను అని కూడా చెప్పలేను. కొన్నిచోట్ల కప్పుకున్నాను. క్యాంపుకు రమ్మని అడిగితే ఒకామె నా కడుపు చూసి నవ్వింది. అలా నిలవడం ఎప్పుడో ఒకరికి జరుగుతుందని, ఆపరేషనయినా ముట్టు తప్పితే వెంటనే వచ్చి చెప్పాలని ఆమెకు చెప్పాను. ఈ రెండో మాట అంతకు ముందు నేను ఎవరికీ చెప్పి ఎరగను.

మా ఆయన కొన్నాళ్ళు తెలిసినవాళ్ళు తక్కువున్న రూటుకు డ్యూటీ మార్పించుకున్నాడు. కూతురు మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు. కడుపు గురించి కోపం అనుకున్నాను. ఊరంతటికీ తెలిశాక తనకు తెలిసిందని కోపమట.

నెలలు నిండాక అనంతపురంలోనే కాన్పయింది. ఆడపిల్ల. మామూలు కాన్పే. మూడో రోజు, వార్డులో జనం కిటకిటలాడుతున్నారు, మంచానికొకరు కాదు, మంచాల మధ్య కూడా పడుకుని ఉన్నారు. కూతురు టిఫిన్ తేవడానికి కిందికి పోయింది. నేను మంచం అంచున పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్క మంచం బాలింతకు తోడుగా వచ్చిన ఒక ముసలామె వంగి పాపను చూసి, "మనవరాలా?" అంది.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అవునవ్వా" అన్నాను.

"తల్లి యాడ?"

"టిఫిన్ తెచ్చేదానికి పోయింది."

ఇంతలో మా కూతురు టిఫిన్ పొట్లాలతో వచ్చింది. ముసలామె దాన్ని ఎగాదిగా చూసి, "మొన్న కనిందానివి, అట్ల మెట్లెక్కి దిగితాంటే ఎట్లమ్మా? అమ్మ ఉండాది కదా, నువ్వు పోయి పండుకో" అంది.

మా కూతురు ఆమెను చూసింది, నన్ను చూసింది. నేనేం చెప్పి ఉంటానో దానికి అర్థమైపోయింది. పెళ్ళికాని పిల్ల. సిగ్గు దాచుకోవడానికి నా కడుపున పుట్టిన దాన్నే అడ్డం పెట్టాను. నేను తలెత్తలేదు.

అది పొట్లాలు మంచం మీద పెట్టి, మామూలుగానే చెప్పింది. "పండుకోవాల్సింది మాయమ్మ, అవ్వా. కనింది మాయమ్మ. నేను అక్కను."

వార్డులో ఎంతమంది విన్నారో తెలియదు. అప్పుడే పాప లేచి పాల కోసం ఏడవడం మొదలుపెట్టింది. ముసలామె నన్ను కాసేపు చూసింది. తర్వాత తన స్టూలు జరుపుకుని వచ్చి, మగవాళ్ళు నడిచే దారికి అడ్డంగా, నాకు వీపు పెట్టి కూర్చుంది. నేను పాపకు పాలిచ్చాను.